కాఖేతీలో ద్రాక్ష కోత, మా నాయనమ్మ సారా కుండ



పోయిన నెల గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. ఫుడ్ టెక్నాలజీ చదువుతున్నాడు, ఇప్పపువ్వు మీద ప్రాజెక్టు చేస్తున్నాడట. "జార్జియాలో వైన్ ఇళ్లల్లోనే చేస్తారంట కదా, మీరు అక్కడే ఉన్నారు, ఎట్లా చేస్తారో చూసి రాయండి" అన్నాడు. సరే చూద్దాం అన్నాం. చూసొచ్చాక రాయడానికి కూర్చుంటే వైన్ సంగతి రెండు పేజీల్లో అయిపోయింది, మిగతాది చాలా పెద్దగా వచ్చింది. ఓపికున్నవాళ్లు చదవండి.

మేం ముగ్గురం తిబిలిసీలో ఎంబీబీఎస్ చదువుతున్నాం. ఒకరిది ఉట్నూరు వైపు, ఒకరిది పాడేరు దగ్గర, ఒకరిది భద్రాచలం ఏజెన్సీ. ఊళ్లో ఉన్నప్పుడు ఒకరికొకరం తెలియదు, ఇక్కడికొచ్చాకే కలిశాం. ముగ్గురం కలిసి రాస్తున్నాం కాబట్టి అంతా 'మేం' అనే రాస్తాం. ఇందులో ఇళ్ల విషయాలున్నాయి, ఏది ఎవరి ఇంటిదో విడదీసి చెప్పడం లేదు.

అక్టోబరు 14 ఇక్కడ ప్రభుత్వ సెలవు. మ్త్స్‌ఖేతా అనే పాత రాజధానిలో ఉన్న పెద్ద చర్చి పేరున పండగ. (ఆ ఊరి పేరు పలకడానికే మాకు మొదటి సంవత్సరమంతా పట్టింది.) అదే రోజుల్లో తూర్పున కాఖేతీ ప్రాంతంలో ద్రాక్ష కోత నడుస్తూ ఉంటది. దాన్ని 'ర్త్వేలి' అంటారు. మన దగ్గర కొత్తల పండగకు ఎక్కడెక్కడో కూలికి పోయినవాళ్లు కూడా ఊరికి వచ్చినట్టే, ర్త్వేలికి పట్నంలో ఉద్యోగాలు చేసేవాళ్లంతా సొంతూళ్లకు పోతారు. మేం అద్దెకుండే ఇంటి ఓనరమ్మ పుట్టిల్లు తెలావి పట్నం దగ్గర ఒక పల్లె. "చేతులు ఖాళీగా ఉన్నాయా? అయితే రండి, కోతకు మనుషులు కావాలి" అంది. అట్లా కూలికి కూలి, చదువుకు చదువు.

తెల్లారకముందే బయల్దేరాం. గొంబోరి కనుమ మీదుగా దారి. మలుపులు చూస్తే పాడేరు ఘాట్ గుర్తొచ్చింది, కడుపులో తిప్పడం కూడా అట్లాగే ఉంది. కనుమ దిగితే అలజాని లోయ. అవతల కాకసస్ కొండలు, వాటి మీద కొత్తగా పడిన మంచు. ఇవతలంతా ద్రాక్షతోటలు.

తోటలో దిగగానే ఒక్కొక్కరికి ఒక కత్తెర, ఒక ప్లాస్టిక్ బకెట్ ఇచ్చారు. ఆ రోజు కోసింది 'సపెరావి' అనే నల్ల ద్రాక్ష. సపెరావి అంటే రంగు వేసేది అని అర్థమట. మామూలు నల్ల ద్రాక్షకు తొక్కే నల్లగా ఉంటది, లోపల గుజ్జు తెల్లగా ఉంటది. దీనికి లోపల కూడా ఎరుపే. పది గుత్తులు కోసేసరికి చేతులు రక్తంలో ముంచినట్టు అయ్యాయి. ఈ దేశంలో 500కు పైగా సొంత ద్రాక్ష రకాలున్నాయి. సోవియట్ కాలంలో ఎక్కువ దిగుబడి ఇచ్చే కొన్ని రకాలనే ఫ్యాక్టరీల కోసం పెంచమనేవాళ్లు. మిగతావి పెరట్లలో, ఒంటరి తీగలుగా బతికాయి. మనకు సామలు, కొర్రలు, ఊదలు బతికినట్టే అనుకోండి.

మధ్యాహ్నం దాకా కోశాం. కోతలో మేమే వెనకబడ్డాం. 70 దాటిన ముసలమ్మ ఒకామె మా వరుస కూడా కోసిపెట్టి, మా బకెట్లు చూసి నవ్వింది. ఆ ఇంటి నాయనమ్మ ఆమే. ఇక్కడ నాయనమ్మను, అమ్మమ్మను కూడా 'బెబియా' అంటారు. మేమూ అట్లాగే పిలిచాం.

ఇక తమ్ముడు అడిగిన సంగతి.

వీళ్ల ఇంటి వెనక ఒక చిన్న గది ఉంది, దాన్ని 'మరాని' అంటారు. లోపలికి పోతే ఏమీ కనబడదు. మట్టి నేల, నేలలో గుండ్రటి మూతలు, అంతే. మూతల కింద ఉంటాయి 'క్వెవ్రీ'లు. అంటే మట్టి కాగులు. కోడిగుడ్డు ఆకారం, అడుగు సన్నగా మొన తేలి ఉంటది. మెడ దాకా భూమిలో పాతిపెడతారు. వీళ్ల ఇంట్లో ఉన్నవాటిలో పెద్దదాంట్లో ఒక మనిషి దిగి నిలబడొచ్చు. దాన్ని చేసేవాళ్లు చక్రం వాడరు. చేత్తోనే మట్టి వరసలు వేసుకుంటూ, ఒక వరస కొంచెం ఆరాక ఇంకో వరస వేస్తూ పోతారు. ఒక్క కాగుకు వారాల తరబడి పడుతుంది. కాల్చాక, ఇంకా వేడిగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు.

ఎందుకు పాతాలి అని అడిగాం. ఇంటి పెద్దాయన నేల మీద అరచెయ్యి పెట్టి చూపించాడు. ఎండాకాలమైనా చలికాలమైనా లోపల భూమి ఒకే తీరు చల్లగా ఉంటది, పులిసేటప్పుడు వేడెక్కినా భూమి ఆ వేడిని లాగేస్తది. కరెంటు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. మరి అడుగు మొన ఎందుకు? గింజలు కిందికి జారి ఆ మొనలో చేరతాయి, వాటి మీద మడ్డి పేరుకుంటది. గింజల చేదు వైన్‌లోకి ఎక్కువగా దిగదు. ఇంజనీరు ఎవరూ గీయని డిజైను ఇది.

ద్రాక్షను తొక్కడానికి పాతకాలపు పద్ధతి కూడా చూపించారు. పెద్ద మాను బోదెను తొలిచి చేసిన తొట్టి. మన ఊళ్లో పశువులకు నీళ్లు పోసే చెక్క దోనె లాంటిది, ఇంకా పొడుగు. కాళ్లు బాగా కడుక్కుని అందులో దిగి తొక్కాలి. నిజం చెప్పాలంటే ఇప్పుడు ఎక్కువ పని చేత్తో తిప్పే మిషనుదే. దోనెలో తొక్కింది పిల్లలు, మేం. ఫోటోలు కూడా తీసుకున్నాం, ఎందుకు అబద్ధం.

వచ్చిన రసం ఒక్కటే కాదు, తొక్కు, గింజ, పండిన కాడలు కూడా కాగులోకే పోతాయి. కాఖేతీ పద్ధతి అదే. ఈ తొక్కు గింజల ముద్దను 'చాచా' అంటారు. తర్వాత దాన్నే బట్టీ పెట్టి దించే సారా పేరు కూడా చాచానే. బయటినుంచి ఈస్ట్ కలపరు. పండు మీద ఉన్నదే పులియబెడుతుంది. రెండు, మూడు వారాలపాటు తొక్కు పైకి తేలి మందంగా గట్టిపడుతూ ఉంటది, దాన్ని రోజుకు నాలుగైదు సార్లు పొడుగాటి కర్రతో లోపలికి తొయ్యాలి. తొయ్యకపోతే పైన ఎండి పాడవుతుంది. పొంగు తగ్గాక మూత పెట్టి, చుట్టూ మట్టితో మూసేస్తారు. మళ్లీ తెరిచేది ఎండాకాలం ముందు. తెల్ల ద్రాక్షకు కూడా ఇదే పద్ధతి. అందుకే వీళ్ల తెల్ల వైన్ తెల్లగా ఉండదు, చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంటది.

మూడు వారాల కింద పోసిన తెల్ల ద్రాక్ష, 'ర్కాత్సితెలి', ఒక కాగులో ఇంకా పొంగుతూ ఉంది. చెవి పెట్టి వినమన్నారు. సన్నగా చిటపట, అడవిలో చినుకులు మొదలైనప్పుడు ఆకుల మీద వచ్చే చప్పుడు. వంగబోతే పెద్దాయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. పొంగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తది, మూసిన గదిలో కిందకే చేరుతుంది. తల లోపల పెడితే స్పృహ తప్పుతుంది, అట్లా చనిపోయినవాళ్లు ఉన్నారట. ఫిజియాలజీలో మార్కులు తెచ్చుకున్న మాకు ఆ సంగతి చొక్కా పట్టి లాగాకే వెలిగింది. తమ్ముడూ, నీ ప్రాజెక్టులో ఇది పెద్దక్షరాలతో రాసుకో.

కాగు కడగడం అన్నిటికన్నా కష్టమైన పనట. వైన్ తీసేశాక చెర్రీ చెట్టు బెరడుతో చేసిన బ్రష్షును పొడుగాటి కర్రకు కట్టి రుద్దుతారు. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి. ఇంట్లో ఎవరు మంచి పనిమంతులో వైన్ రుచిలో కాదు, కడిగిన నీళ్లలో తెలుస్తది అన్నాడు పెద్దాయన.

అప్పటిదాకా మేం నోట్సు రాసుకుంటున్నాం. ఈ మాటకు మాలో ఒకరు పెన్ను ఆపేశారు.

మాలో ఒకరి నాయనమ్మ ఇప్పసారా కాసేది. అమ్మకానికని కాదు. పెళ్లికి, చావుకు, పెర్సాపెన్ పూజకు. సారా పొయ్యకుండా పెద్దలకు పూజ ఎట్లా? తెల్లారకముందే పోయి చెట్టు కింద రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, పులిసినాక కుండ మీద కుండ పెట్టి దించేది. కుండలు కడగడం చూస్తే ఇప్పటికీ గుర్తే. బూడిదతో రుద్ది, వేడినీళ్లు పోసి, వాసన చూసి, మళ్లీ కడిగేది. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. మొదట దిగే చుక్కలు ఎవరికీ పోసేది కాదు, నిప్పులో వేసి పెద్దల పేర్లు చెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ఎక్సైజ్ వాళ్లు వచ్చారు. ఊట పారబోశారు. కుండలు లాఠీలతో పగలగొట్టారు. నాయనమ్మను జీపు ఎక్కించారు. సాయంత్రానికి వదిలేశారుగానీ కేసు మాత్రం నడిచింది. రెండేళ్లు వాయిదాలకు బస్సెక్కి తిరిగింది. చదువు రాదు, కోర్టులో మాట్లాడేది తెలుగు, ఆమెకు వచ్చింది గోండి.

ఆ సంవత్సరమే ఆశ్రమ పాఠశాలలో వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం 'నాటుసారా వల్ల కలిగే అనర్థాలు'. మాలో ఆ ఒకరికే ఫస్ట్ ప్రైజ్. సారా కాసేవాళ్లు సమాజానికి చీడపురుగులని రాశారు. స్టీలు ప్లేటు ఇచ్చారు. సెలవులకు ఇంటికి తీసుకుపోతే నాయనమ్మ ఆ ప్లేటు ఊరంతా తిప్పి చూపించింది, "మా పిల్లకు చదువులో వచ్చింది" అని. ఏం రాస్తే వచ్చిందో ఆమె అడగలేదు. మేమూ చెప్పలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది.

మరానిలో నిలబడి ఇదంతా మేం ముగ్గురం తెలుగులో మాట్లాడుకుంటుంటే, పెద్దాయన మాకు వైన్ సంగతి అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ మొదటినుంచి చెప్పబోయాడు.

మాలో ఒకరన్నారు: "చూడండి, వీళ్లకు యునెస్కో, మనకు ఎక్సైజ్." నిజమే. క్వెవ్రీలో వైన్ చేసే ఈ పద్ధతిని 2013లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో పెట్టింది. తిబిలిసీకి దక్షిణంగా దొరికిన 8,000 ఏళ్ల నాటి మట్టిపాత్రల ముక్కల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లు ఉన్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. మట్టి కాగు, ఆడవాళ్ల చెయ్యి, పండగకు మొదటి పోత పెద్దలకు. ఇవన్నీ మన దగ్గరా ఉన్నాయి. వాళ్లది వారసత్వం, మనది నాటు.

అయితే మాలో ఇంకొకరికి ఈ మాట నచ్చలేదు. వాళ్ల నాన్న తాగి చనిపోయాడు. కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి, వరంగల్ ఆసుపత్రిలో. మేం ఇప్పుడు వార్డుల్లో సిరోసిస్ కేసు చూసిన ప్రతిసారీ ఆ ఒకరు బయటికి వెళ్లిపోతారు. "మా నాన్న తాగింది ఇప్పసారానా, ప్యాకెట్టా, బెల్టుషాపు సీసానా అని నేను లెక్కపెట్టలేదు. అమ్మ తాళిబొట్టు పోయింది, అంతే" అన్నారు. ఈ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పుడూ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఊరికే పుట్టలేదు. ఆ కోపం మన గూడేల్లోనూ ఉంది. ఈ పోస్టు చదివి ఎవరూ "చదువుకున్న పిల్లలే సారా మంచిదంటున్నారు" అనొద్దు.

ఇట్లా వాదించుకుంటూ ఉండగానే అన్నానికి పిలిచారు.

రాత్రి విందును 'సుప్రా' అంటారు. పెరట్లో పొడుగాటి బల్ల, ఇరవైమందికి పైనే. ఎండు ద్రాక్షకొమ్మల నిప్పుల మీద కాల్చిన పంది మాంసం, మట్టి పొయ్యి గోడకు అతికించి కాల్చిన రొట్టె, జున్ను, వంకాయలో అక్రోటు ముద్ద. బెబియా ఒక పక్కన అక్రోటు పప్పులు దారానికి గుచ్చి, పిండి కలిపి కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరేస్తోంది. 'చుర్చ్‌ఖేలా' అది. దూరం నుంచి చూస్తే కొవ్వొత్తులు వేలాడదీసినట్టు ఉంటది. ఉట్నూరులో ఆదివాసీ అక్కలు చేసే ఇప్పపువ్వు లడ్డూ గుర్తొచ్చింది. ముంతలో పోసి తాగేదాన్ని చేతిలో పట్టుకుని తినేలా చెయ్యడం రెండు చోట్లా ఆడవాళ్లకే తట్టింది.

సుప్రాకు ఒక పెద్ద ఉంటాడు, అతన్ని 'తమదా' అంటారు. అతను ఒక మాట చెప్పి గ్లాసు ఎత్తితేనే అందరూ తాగాలి. మధ్యలో ఎవరికి వాళ్లు పోసుకుని తాగేస్తే మర్యాద కాదు. శాంతికి ఒకటి, దేశానికి ఒకటి, పిల్లలకు ఒకటి, అతిథులకు ఒకటి. ప్రతిదానికీ మాటలు ఉండాలి, ఉత్త తాగుడు కాదు. మాలో తాగని ఆ ఒకరిని ఎవరూ బలవంతపెట్టలేదు. బెబియా లేచి పోయి, ఇంకా పులియని తీపి రసం, 'బడాగి', ఒక కూజాలో తెచ్చి పక్కన పెట్టింది. రాత్రంతా ఆ గ్లాసుతోనే అన్ని మాటలకూ లేచి నిలబడ్డారు.

చనిపోయినవాళ్ల మాట వచ్చినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. రొట్టె ముక్క మీద కొద్దిగా వైన్ చుక్కలు వేశారు. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తమదా మా వైపు తిరిగి "అలావెర్ది" అన్నాడు. అంటే, ఈ మాటను ఇక మీరు అందుకుని చెప్పండి అని. అది ఇచ్చాక కాదనకూడదట.

ఓనరమ్మ ఇంగ్లీషులో విని జార్జియన్‌లో చెప్తానంది. మాలో ఆ ఒకరు లేచి నాయనమ్మ గురించి చెప్పారు. పువ్వు ఏరడం చెప్పారు, కుండ కడగడం చెప్పారు, జీపు చెప్పారు. స్టీలు ప్లేటు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోయింది. రెండోవాళ్లు, నాన్న పోయినవాళ్లు, ఆ మిగతాది అందుకుని పూర్తిచేశారు. ఓనరమ్మ చెప్పడం అయ్యాక బల్ల చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన అన్నాడు: 1985లో గోర్బచేవ్ తాగుడు మాన్పిస్తానని ఉద్యమం పెట్టినప్పుడు వాళ్ల ఊళ్లోనూ తోటలు పీకించారట. ఆయన తండ్రి తీగలు పీకిన గుంతల పక్కన కూర్చుని ఏడవడం ఆయన చూశాడట. తర్వాత 2006లో రష్యా వీళ్ల వైన్ కొనడం ఆపేసినప్పుడు కూడా ఇళ్లల్లో కాగులు మాత్రం ఖాళీగా లేవన్నాడు. "మీ నాయనమ్మ కుండలు మళ్లీ ఎవరు పెట్టారు?" అని అడిగాడు. ఎవరూ పెట్టలేదని చెప్పాం.

తిరుగు దారిలో ఓనరమ్మ కారు నడుపుతూ ఇంకో సంగతి చెప్పింది. బల్ల దగ్గర చెప్పలేదు. వాళ్ల చిన్న తమ్ముడు ఆ రోజు సుప్రాకు రాలేదు, రానివ్వరు. "తమదా ఉంటే తాగుడు అదుపులో ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. మా తమ్ముడు కూడా తమదాగా మొదలైనవాడే" అంది. వెనక సీట్లో బడాగి తాగినవాళ్లు ఏమీ అనకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

మేం ముగ్గురం ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకున్నాం. 1996 పెసా చట్టంలో ఒక మాట ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నిషేధించాలా, నియంత్రించాలా, ఎంతవరకు అనే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలని. చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం కూడా అట్లాగే. ఇప్పపువ్వు అందులోదే. అంటే కుండ పెట్టాలా వద్దా, పండగకే పెట్టాలా, ఎన్ని కుండలు, బెల్టుషాపు ఊళ్లోకి రావాలా అని నాయనమ్మ, అమ్మ ఇద్దరూ ఒకే సభలో కూర్చుని తేల్చుకోవాల్సింది. మా ఊళ్లల్లో అట్లాంటి సభ మేమెప్పుడూ చూడలేదు. మీ ఊళ్లో జరిగితే కింద రాయండి. మధ్యప్రదేశ్‌లో ఆదివాసీ సంఘాలే ఇప్పసారా తయారుచేసి సీసాలో అమ్మేలా విధానం తెచ్చారు. దాంట్లో లాభం ఎవరికి పోతోందో తెలిసినవాళ్లుంటే అదీ రాయండి.

తమ్ముడికి ఇంకో పని. ల్యాబులో చేసేది చెయ్యి. దానికంటే ముందు మీ ఊళ్లో ఇంకా కుండ పెట్టగలిగే ముసలమ్మ ఎవరైనా ఉంటే పోయి కూర్చో. ఎన్ని రోజులు నానబెట్టేవాళ్లు, ఏ మట్టి కుండ, పొయ్యిలో ఏ కట్టె, కుండ దేనితో కడిగేవాళ్లు, మొదటి చుక్కలు ఏం చేసేవాళ్లు, అన్నీ రాసుకో. ఆమె భాషలోనే రాసుకో. గోండి అయితే గుంజాల లిపిలో రాయి, ఇప్పుడు యూనికోడ్‌లో కూడా ఉంది. (ఈ జార్జియన్ అక్షరాలు చూస్తే మొదట్లో తెలుగేమో అనిపించేవి, అన్నీ గుండ్రాలే. వీళ్లు ఆ అక్షరాలను ఎంత ముద్దుగా చూసుకుంటారో చెప్పాలంటే ఇంకో పోస్టు కావాలి.)

మర్నాడు అనాటమీ ల్యాబులో గ్లోవ్స్ తీస్తే చేతులు ఇంకా ఊదారంగులోనే ఉన్నాయి. సబ్బు, నిమ్మకాయ, దేనికీ పోలేదు. ఎప్పుడూ నవ్వని మా మేడం చేతులు చూసి, "సపెరావి?" అంది. అవునన్నాం. ఏ ఊరు అని అడిగింది, చెప్పాం. అక్కడికి రెండు ఊళ్ల అవతలే వాళ్లదట. ఆ రోజు మమ్మల్ని ప్రశ్నలేమీ అడగలేదు.

రాత్రి ఇంటికి వీడియో కాల్ చేశాం. అమ్మ మొదట చేతులే చూసింది. ఏమైందని భయపడింది. ద్రాక్ష అని చెప్తే నమ్మలేదు, కడిగి చూపించమంది. తర్వాత నాయనమ్మ కుండల సంగతి అడిగాం, ఏమైనా మిగిలాయా అని. అమ్మ ఫోను పట్టుకుని పెరట్లోకి పోయింది. ఇప్పచెట్టు కింద ఒక పెద్ద పెంకు, పగిలిన కుండ అడుగు, దాంట్లో నీళ్లు. కోళ్లు తాగుతున్నాయి.

"ఇదొక్కటే. ఎందుకురా ఇప్పుడు?" అంది.

కడిగి లోపల పెట్టమని చెప్పాం. కోళ్లకు వేరే గిన్నె పెట్టమన్నాం. ఏ గిన్నె పెట్టాలని అడిగింది. అటక మీద స్టీలు ప్లేటు ఉంటది కదా, అది పెట్టమన్నాం.